ముందు కుడి టైరు

నా స్కూటరు టైర్లు పదేళ్ళకి పైగా మన్నాయి. ఆ మాట ఆఫీసులో అనకుండా ఉంటే నాకీ గతి పట్టేది కాదు.

మన్నాయంటే అందులో నా గొప్ప ఏమీ లేదు. నేను బండి నడిపే వేగానికి టైర్లకి అరగవలసిన అవసరం రాలేదు. ఒకసారి మా వీధిలో పాలు పోసే ఆవిడ నడుస్తూ నన్ను పలకరించింది. మాట పూర్తయ్యేదాకా నా స్కూటరు పక్కనే నడిచింది. ఆ తర్వాత "ఆలస్యమైపోతోందండీ" అని నన్ను దాటి వెళ్ళిపోయింది.

మాది గోనెసంచుల అభివృద్ధి సంస్థ. ధాన్యానికీ మిరపకాయలకీ కావలసిన సంచులు కొని, గట్టివో కాదో చూసి, ముద్ర వేసి పంపుతాం. గోనెసంచి అభివృద్ధి చెందడమంటే ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. పేరులో ఉంది కాబట్టి చెందుతూనే ఉంటుందని అనుకుంటాను. నా పేరు మేడిశెట్టి వీరభద్రం. గోదావరి పక్కన ఒక జిల్లా కార్యాలయంలో సూపరింటెండెంటుని. పొద్దున పూజ, సాయంత్రం గుడి, మధ్యలో ఫైళ్ళు.

ఆ ఏడాది మాకు కొత్త ఎండీ గారు వచ్చారు. ఆయన ఎక్కడో విదేశంలో శిక్షణకి వెళ్ళినప్పుడు అక్కడివాళ్ళు ఆయన్ని ఒక రోజు 'ట్రాక్ డే'కి తీసుకెళ్ళారట. అంటే మామూలు మనుషులు తమ తమ సొంత కార్లు పందేల మైదానానికి తెచ్చుకుని, పోలీసుల భయం లేకుండా, ఇష్టమైనంత వేగంగా తిప్పుకునే రోజు. ఎండీ గారికి ఆ రోజు జ్ఞానోదయమైంది. ఆయన తిరిగివచ్చిన వారంలోనే మాకు సర్క్యులర్ వచ్చింది.

"సంస్థలో ఫైళ్ళ మందగమనమునకు మూలకారణము సిబ్బంది మందగమనమేనని గుర్తించడమైనది. వేగమును అనుభవించని ఉద్యోగి వేగముగా పనిచేయజాలడు. కావున ప్రతి జిల్లా కార్యాలయము తన కార్యాలయపు కారుతో ట్రాక్ డే యందు విధిగా పాల్గొనవలెను. కారునకు పట్టు, మన్నిక రెండునూ గల టైర్లను ఎంపిక చేయుటకై ఐదుగురు సభ్యులతో టైర్ల సంఘమును ఏర్పరచవలెను."

మా మేనేజరు నాగభూషణం గారు దాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి నా వైపు చూశారు.

"వీరభద్రం గారూ, మీ స్కూటరు టైర్లు ఎన్నేళ్ళు వచ్చేయన్నారు?"

"పదేళ్ళు దాటేయండి."

"చూసేరా? మన ఆఫీసులోనే నిపుణుణ్ణి పెట్టుకుని ఎక్కడో వెతుక్కుంటున్నాం."

నేను వద్దని అనలేదు. నిజం చెప్పాలంటే నాకు సంతోషంగానే ఉంది. ఇన్నేళ్ళ సర్వీసులో నన్నెవరూ దేనిలోనూ నిపుణుడు అనలేదు. ఆ సాయంత్రం గుడిలో స్వామికి ఈ సంగతి విన్నవించుకున్నాను కూడా.

మర్నాటి నుంచి టైర్ల దుకాణాలు తిరిగాను. మొదటి దుకాణాయన ఒక టైరు నా ముందు దొర్లించి, దాని మీద నా బొటనవేలు పెట్టి నొక్కించాడు. రబ్బరు మెత్తగా దిగింది.

"ఇదండి గ్రిప్పంటే. రోడ్డుని కరుచుకుని వదలదు."

"ఎన్నాళ్ళు వస్తుందండీ?"

"పందెంలో వేస్తే సాయంత్రానికి అరిగిపోద్ది."

పక్క దుకాణాయన నాచేత ఇంకో టైరు నొక్కించాడు. నా వేలే నొప్పెట్టింది. "ఇది మీ మనవడు పెద్దోడయ్యేదాకా ఉంటాదండి" అన్నాడు. గ్రిప్పు సంగతేమిటని అడిగాను. "రెండూ ఒకే దాంట్లో ఎలా వస్తాయండీ? మెత్తగా ఉంటే పట్టుకుంటాది, పట్టుకుంటే అరిగిపోతాది. గట్టిగా ఉంటే అరగదు, పట్టుకోదు. రెండూ సమానంగా కావాలంటే నా దగ్గరికి కాదు, దేవుడి దగ్గరికి వెళ్ళాలి."

దేవుడి దగ్గరికి నేను రోజూ వెళ్తూనే ఉన్నానని చెప్పాను.

సంఘం సమావేశమైంది. అధ్యక్షుడు మేనేజరు గారు. నేను, అకౌంట్స్ చూసే రత్నకుమారి గారు, స్టోర్ కీపరు పోతురాజు, ఆడిట్ ఆఫీసరు లింగమూర్తి గారు సభ్యులం. నేను దుకాణాల్లో తెలుసుకున్నదంతా చెప్పాను. అప్పుడు నాకు ఒక ఉపాయం తట్టింది. అది పూర్తిగా నా ఉపాయమే. ఇంకెవరి మీదకీ నెట్టడానికి లేదు.

"సర్క్యులర్లో కారుకి పట్టూ మన్నికా రెండూ ఉండాలన్నారు గానీ, రెండూ ఒకే టైరుకి ఉండాలని లేదు కదండీ. కొన్ని పట్టున్నవి, కొన్ని మన్నికున్నవి కొందాం. మొత్తం మీద కారుకి రెండూ ఉన్నట్టే."

మేనేజరు గారు లేచి నాకు చెయ్యి కలిపారు.

"అయితే రెండు షాపులు చాలు కదండీ" అన్నారు రత్నకుమారి గారు.

లింగమూర్తి గారు తల అడ్డంగా తిప్పారు. ఆయన ఏ మాటకైనా ముందు తల అడ్డంగా తిప్పి తర్వాత వింటారు. "నాలుగు టైర్లు, రెండు షాపులు. అంటే మిగతా షాపుల్ని తొక్కేసి ఇద్దరికి మేలు చేశామని రేపు నేనే ఆక్షేపణ రాయాల్సొస్తుంది. నాలుగు షాపులు, నాలుగు టైర్లు. అందులో ఒకటి చిన్న పరిశ్రమ వాళ్ళది తప్పనిసరిగా ఉండాలి."

అలా నాలుగు దుకాణాల్లో నాలుగు టైర్లు కొన్నాం. ముందు ఎడమ వైపుకి, సాయంత్రానికి అరిగిపోయే మెత్తనిది. ముందు కుడి వైపుకి, మనవడి కాలం దాకా ఉండే గట్టిది. వెనక కుడి వైపుకి, వానలో తప్ప పనికిరానిది. వెనక ఎడమ వైపుకి చిన్న పరిశ్రమది, అంటే పాత టైరుకి కొత్త తొడుగు వేసినది. స్టెప్నీ మాత్రం కారుతో పాటు వచ్చిన పాతదే ఉంచేశాం.

ఒక్కో టైరుకీ ఒక్కో సభ్యుడు ధ్రువీకరణ సంతకం పెట్టాలి. ముందు కుడి వైపు గౌరవ స్థానమని, వయసులో పెద్దవాణ్ణని అది నాకు ఇచ్చారు. మేనేజరు గారు వినయంగా ముందు ఎడమది తీసుకున్నారు. వెనక రెండూ రత్నకుమారి గారూ పోతురాజూ పంచుకున్నారు. లింగమూర్తి గారు మాత్రం అందరికంటే ముందే స్టెప్నీ కోరుకున్నారు. "అది నేలని తాకదు. తాకని దాని మీద ఆక్షేపణ రాదు" అని మాకందరికీ వినబడేలా అనుకుని, నవ్వుకుంటూ సంతకం పెట్టారు.

టైర్లు బిగించిన రోజు కారు డ్రైవరు అప్పన్న నాలుగు వైపులా తిరిగి చూశాడు.

"ఏంటండీ, నాలుగు ఊళ్ళ పెళ్ళికొడుకుల్ని ఒకే పీటమీద కూచోబెట్టినట్టుంది?"

"నీకు అర్థం కాదులే అప్పన్నా. సగటు చూడాలి" అన్నాను.

రెండో సర్క్యులర్ ఆ తర్వాత వచ్చింది.

దీనికి ముందు మా సంస్థలో ఒకప్పుడు ఉండిన ఆచారం ఒకటి చెప్పాలి. పూర్వం సంచి గట్టిదని ముద్ర వేసిన ఇన్‌స్పెక్టరు ఆ సంచిలోనే కూర్చోవాలి. దాన్ని కొక్కేనికి తగిలించి పైకి లాగి ఊపేవారు. కుట్టు ఊడకపోతే సరుకు పాసయినట్టు. ఊడితే ఇన్‌స్పెక్టరు ఫెయిలయినట్టు. రాను రాను ఇన్‌స్పెక్టర్ల బరువు పెరిగిందో, సంచుల నాణ్యత తగ్గిందో, ఆ పద్ధతి పోయి సంతకం ఒక్కటే మిగిలింది. ఎండీ గారు పాత రికార్డుల్లో ఎక్కడో ఇది చదివి పులకించిపోయారట.

"ధ్రువీకరించిన అధికారి తాను ధ్రువీకరించిన వస్తువునందే ఆసీనుడగుట మన సంస్థ యొక్క ఉత్తమ సంప్రదాయము. దీనిని ట్రాక్ డే సందర్భముగా పునరుద్ధరించడమైనది. ఏ టైరునకు ఏ సభ్యుడు సంతకము చేసెనో, ఆ సభ్యుడు ఆ టైరునకు సరిగ్గా పైనున్న స్థానమునందు కూర్చుని ట్రాక్ పూర్తిచేయవలెను."

ముందు కుడి టైరుకి సరిగ్గా పైన ఉండేది డ్రైవరు సీటు.

ఆ గదిలో అందరికంటే చివర్న ఈ సంగతి అర్థమైంది నాకే. మిగతావాళ్ళంతా నా వైపు ఎందుకు చూస్తున్నారా అని నేను వాళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాను.

"అదేంటండీ, కారు నడిపేది అప్పన్న కదా?"

"అప్పన్న ఏ టైరుకీ సంతకం పెట్టలేదండి. కారులో అతనికి స్థానం లేదు" అన్నారు మేనేజరు గారు.

గుమ్మం దగ్గర నిలబడ్డ అప్పన్న చేతులు జోడించి పైకి చూశాడు. అంత భక్తి నేను గుడిలో కూడా చూడలేదు.

"మీకు లైసెన్సుంది కదండీ?" అన్నారు రత్నకుమారి గారు.

ఉంది. కుర్రతనంలో ఆఫీసు జీపు మీద నేర్చుకున్నాను. అప్పుడు ఆ జీపుకి బ్రేకులు లేవు కాబట్టి వేగంగా పోకూడదని ఒక్కటే బాగా వచ్చింది.

ఇంతలో పోతురాజు నెమ్మదిగా, "మరి స్టెప్నీ డిక్కీలో ఉంటాది కదండీ?" అన్నాడు.

అప్పుడు అందరం లింగమూర్తి గారి వైపు తిరిగాం. మొదటిసారి ఆయన తల అడ్డంగా తిప్పలేదు. ఎటూ తిప్పలేదు.

తర్వాత రెండు రోజులు మా ఆఫీసులో టైర్ల బదిలీల ప్రయత్నం జరిగింది. ఇన్నాళ్ళూ మనుషుల బదిలీలే చూశాను. నా టైరుని వెనక్కి మార్పించి, రత్నకుమారి గారి టైరుని ముందుకి తెప్పించాలని నేను ఒక దరఖాస్తు పెట్టుకున్నాను. ఆవిడ స్కూటీ మీద రోజూ నన్ను దాటిపోతుంటారు కాబట్టి కారు కూడా నడపగలరని నా వాదన. "నా టైరు వాన టైరండి. వాన పడితే అప్పుడు చూద్దాం" అన్నారు ఆవిడ. లింగమూర్తి గారు స్టెప్నీని ముందు సీట్లో పెట్టవచ్చా అని హెడ్డాఫీసుకి రాశారు. పెట్టవచ్చుననీ, అయితే ఆ సీట్లో ఉన్నవారు దిగిపోరాదనీ జవాబు వచ్చింది. ఇదంతా చూసి ఎండీ గారు టైర్ల స్థానాలు ఎక్కడివక్కడ ఉంచాలని ఉత్తర్వు వేశారు.

ఇక కారు నేనే నడపాలి. నా పక్కన ఒకరు, నా వెనక ఇద్దరు, ఆ వెనక ఒకరు. ఐదు ప్రాణాలు, నేను సగటు చూసి కొన్న నాలుగు టైర్లు.

ఇంట్లో ఈ సంగతి చెప్పడానికి నాకు భోజనం అయ్యేదాకా ధైర్యం చాలలేదు. మా ఆవిడ అమ్మాజీ మొత్తం విని, మజ్జిగ గ్లాసు నా ముందు పెట్టింది.

"గ్రిప్పున్న టైరు మేనేజరు గారికిచ్చి గ్రిప్పు లేనిది మీరు తీసుకున్నారా?"

"మన్నికైంది కదా అని."

"టైరు మన్నితే సరిపోద్దా, మనిషి మన్నొద్దా?"

ఆ రాత్రి పడుకుని మా గుడిలో ఆచార్యులవారు చెప్పినది తలుచుకున్నాను. భక్తులు రెండు రకాలట. కోతిపిల్ల తల్లి పొట్టని తనే గట్టిగా పట్టుకుని వేలాడుతుంది. పిల్లిపిల్ల ఏమీ పట్టుకోదు, తల్లే దాన్ని నోట కరుచుకుని తీసుకుపోతుంది. నేను ఎప్పుడూ పిల్లిపిల్ల పక్షమే. అందులో శ్రమ తక్కువ. కానీ ఇప్పుడు అనుమానం వచ్చింది. రోడ్డుని టైరు పట్టుకుంటుందా, టైరుని రోడ్డు పట్టుకుంటుందా? నా టైరు గట్టిది, అది ఏదీ పట్టుకోదు. మరి రోడ్డుకి నా మీద అంత దయ ఉంటుందా? పొద్దున్న పూజలో స్వామిని ఇదే అడిగాను.

"టైర్ల గురించి ఆయన్ని అడుగుతారేంటండీ? ఆయన గరుత్మంతుడి మీద తిరుగుతాడు" అంది అమ్మాజీ హారతి పళ్ళెం సర్దుతూ.

ట్రాక్ డే రోజున ఊరికి దూరంగా ఉన్న పాత విమానాల మైదానానికి అన్ని జిల్లాల కార్లూ వచ్చాయి. అమ్మాజీ కూడా వచ్చింది. మా కారుకి పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. ఐదోది చేతిలో పట్టుకుని కారు చుట్టూ తిరిగింది.

"స్టెప్నీకి ఎక్కడ పెట్టాలండీ? అది తొక్కదు కదా."

"ఇలా ఇచ్చెయ్యమ్మా, నేను పట్టుకుంటాను" అన్నారు లింగమూర్తి గారు డిక్కీలోంచి. ఆయన స్టెప్నీ మీద కూర్చుని, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, పైన తలుపు పడిపోకుండా పురికొసతో కట్టించుకుని ఉన్నారు. చుట్టూ చూస్తే ప్రతి కారు డిక్కీలోనూ ఒక ఆడిట్ ఆఫీసరు అలాగే కూర్చుని ఉన్నారు. వాళ్ళలో వాళ్ళు నమస్కారాలు చేసుకుంటున్నారు.

మైదానం చివర మలుపు దగ్గర, గోనెసంచులు గోడలా పేర్చిన చోట, రోడ్డు మధ్యలో ఒక కుర్చీ వేసి ఉంది. అందులో ఇంజనీరు దేవదానం గారు కూర్చున్నారు. ట్రాక్ కార్లు తిరగడానికి అనువుగా ఉందని ధ్రువీకరించింది ఆయన. ఆయన ఒళ్ళో బైబిలు ఉంది. నేను వెళ్ళి పలకరించాను.

"మీ టైర్లెలా ఉన్నాయండి వీరభద్రం గారూ?"

"సగటున బాగున్నాయండి."

"నేను సగటున కాదండి, ఇక్కడ కూచున్నాను" అన్నారు ఆయన.

ఒక్కో కారునీ విడిగా వదిలి ఎండీ గారే గడియారం పట్టుకుని చూశారు. మొదటి కారు కదిలింది. దానితో పాటు ఒక కుక్క కూడా బయలుదేరి, విసుగొచ్చి పక్కకి తప్పుకుంది. రెండోది ఇంకా నెమ్మది. నడిపేవాళ్ళందరూ నాలాంటివాళ్ళే. ప్రతివాడూ తన టైరు తను ఎలా కొన్నాడో తెలిసినవాడు. మూడో కారు మలుపు దగ్గర ఆగి, దేవదానం గారిని అడిగి, ఆయన కుర్చీ పక్కకి జరుపుకున్నాక పోయింది.

ఎండీ గారు మైకు అందుకున్నారు.

"ఇది వేగము కాదు, జాప్యము! ఇకపై నా నడకకంటె మందముగా వెళ్ళిన కారు ట్రాక్‌ను పదిసార్లు తిరగవలసి యుండునని హెచ్చరించడమైనది!"

తర్వాతి కారు మాదే.

నిమ్మకాయలు చితికాయి. నేను స్వామి నామం చెప్పుకుంటూ తొక్కాను. ఎండీ గారు మా పక్కనే పెద్ద అంగలేస్తూ నడుస్తున్నారు. ఆయన్ని దాటడానికి ఇంకొంచెం తొక్కాను.

"తొక్కండి వీరభద్రం గారూ, చూస్తున్నారు" అన్నారు పక్క నుంచి మేనేజరు గారు.

"తొక్కకండి, దేవదానం గారు కూడా చూస్తున్నారు" అన్నారు వెనక నుంచి రత్నకుమారి గారు.

పోతురాజు తన కింది టైరు తొడుగు ఊడుతున్న చప్పుడేమన్నా వస్తోందా అని చెవి వొగ్గి వింటున్నాడు.

"ఎక్కడిదాకా వచ్చేం? నాకు జరిగిపోయిందే కనబడుతోంది" అని డిక్కీలోంచి లింగమూర్తి గారి కేక.

"సర్వీసంతా మీకు కనబడింది అదే కదండీ!" అని రత్నకుమారి గారు.

స్పీడు చూపించే ముల్లు నలభై మీద ఉంది. నా జన్మలో అది అంత దూరం పోవడం చూడలేదు. ఎదురుగా మలుపు, మలుపులో కుర్చీ, కుర్చీలో దేవదానం గారు. ఆయన బైబిలు మూసి, రెండు కాళ్ళూ కుర్చీ మీదకి పెట్టుకుని, గొంతుక్కూర్చున్నారు. నేను బ్రేకు మీద నిలబడ్డాను.

మేనేజరు గారి టైరు రోడ్డుని కరుచుకుంది. నాది కరుచుకోలేదు. మెత్తనిది ఆగిపోయి, గట్టిది జారిపోయి, వాన టైరు ఎండలో ఏం చేయాలో తెలియక దానంతట అది ఊరుకుని, పోతురాజు టైరు తన తొడుగుని విసిరేసి, కారు మైదానం మధ్యలో చుట్టూ తిరిగింది. ఆకాశం, గడ్డి, గోనెసంచుల గోడ, మళ్ళీ ఆకాశం. ఆ కాసేపూ నేను ఏ పిల్లనో నాకు బాగా తెలిసింది. స్టీరింగుని రెండు చేతులా, మేనేజరు గారి చొక్కాని నోటితోనూ పట్టుకుని ఉన్నాను.

కారు ఆగింది. అందరం ఉన్నాం. వచ్చిన వైపుకి తిరిగి నిలబడి ఉన్నాం.

"ఇప్పుడు నాకు దేవదానం గారు కనబడుతున్నారండి" అన్నారు లింగమూర్తి గారు డిక్కీలోంచి. "చాలా దగ్గరగా కనబడుతున్నారు." ఆయన చేతిలో నిమ్మకాయ తొక్క మాత్రం మిగిలింది.

"మీ దేవుడికీ మా దేవుడికీ వందనాలు" అని దేవదానం గారి గొంతు వినిపించింది.

కారు ఎటు తిరిగి ఉందో అటే పోనిచ్చాను. బయలుదేరిన గీత దగ్గరికి వచ్చి ఆపాను.

ఎండీ గారు గడియారం చూసి ఎగిరి గంతేశారు. అప్పటిదాకా తిరిగినవాటన్నిటికంటే తక్కువ సమయం మాదేనట, ఇక మిగతావి చూడనక్కర్లేదట. అమ్మాజీ పరుగున వచ్చి, నా చేతులు తడిమి చూసి, పక్కకి తప్పుకుని చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

నాకు అబద్ధం ఆడే శక్తి కూడా లేదు. "సార్, మేం ట్రాక్ తిరగలేదండి. మలుపు దగ్గర గిర్రున తిరిగి వెనక్కొచ్చేశాం."

"బయలుదేరిన చోటికి తిరిగి చేరితిరా, లేదా?"

"చేరేం సార్."

"ఫైలు బయలుదేరిన బల్లకి తిరిగి చేరినచో దానిని పరిష్కారమైనదిగా పరిగణించుట మన సంస్థ ఆనవాయితీ. కారునకు వేరు నియమమేల?" ఆయన మైకులో ప్రకటించారు. "ఈ నాలుగు రకముల టైర్ల కూర్పే అత్యుత్తమమని తేలినది. రాష్ట్రమందలి మన కార్లన్నిటికీ, సరుకు లారీలన్నిటికీ ఇదే కూర్పు అమర్చవలెను. విజేత శ్రీ వీరభద్రం ధ్రువీకరణ సంతకము చేయుదురు."

కాగితం నా ముందు పెట్టారు. చుట్టూ చప్పట్లు. మేనేజరు గారు నా వీపు తట్టి కలం మూత తీసి అందించారు. నేను కలం పట్టుకున్నాను. అన్ని జిల్లాల్లో మా లారీలు కళ్ళముందు మెదిలాయి. వాటిని నడిపేది నాలాంటివాళ్ళు కాదు, అప్పన్నలాంటివాళ్ళు. నలభై మీద ఆగేవాళ్ళు కాదు.

"సార్, చిన్న సందేహం."

"వ్యక్తపరచుడు."

"ఇందులో సంతకం పెడితే, నేను అన్ని లారీల్లోనూ కూర్చోవాలాండీ?"

చప్పట్లు ఆగాయి.

"అన్నిటియందు ఒక్కరే ఎట్లు కూర్చొనగలరు? అసంభవము."

"మరి ఎవరు కూర్చుంటారు సార్? నేను ధ్రువీకరిస్తాను. మీరు ఆమోదిస్తారు." నాకు నిజంగా తెలియకే అడిగాను. "సర్క్యులర్లో ఆమోదించినవారి సంగతి రాయలేదండి. సగం లారీలు నాకు, సగం మీకు అనుకోమంటారా?"

పక్కనున్న జిల్లాల కార్ల డిక్కీల్లోంచి ఆడిట్ ఆఫీసర్లందరూ ఒక్కసారి తలలు బయటికి పెట్టి ఎండీ గారి వైపు చూశారు. ఆయన మా కారు వైపు చూశారు. తొడుగు ఊడిన వెనక టైరు వైపు, పొగలు కక్కుతున్న మెత్తని టైరు వైపు, ఒక్క గీత కూడా పడకుండా నిగనిగలాడుతున్న నా టైరు వైపు చూశారు. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఈ అంశము లోతుగా పరిశీలించదగినది. అంతవరకు ఆసీన సంప్రదాయమును తక్షణమే నిలుపుదల చేయడమైనది."

ఆ మైదానంలో ఆ రోజు నిజమైన వేగం అప్పుడే చూశాను. అధికారులంతా కార్లలోంచి దూకి, రోడ్డు మీద పోయే బస్సు కోసం పరుగెత్తారు. అందరికంటే ముందు దేవదానం గారు, కుర్చీతో సహా. డిక్కీ పురికొస ముడి విప్పే ఓపిక లేక కోసేశారు. మేనేజరు గారు బస్సు మెట్టెక్కి, "కారు ఆఫీసులో పెట్టించండి వీరభద్రం గారూ" అని కేకేశారు. పోతురాజు టైరు తీయించి స్టెప్నీ బిగించాక, మాతో పాటు వచ్చిన అప్పన్నకి తాళాలు ఇవ్వబోయాను. అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నేను దీన్ని ముట్టుకోనండి. నాకు పిల్లలున్నారు" అని అతనూ తర్వాతి బస్సెక్కేశాడు.

నేనూ కారూ మిగిలాం. సరే, ముందు కుడి టైరు మీద ఉన్నది నా సంతకం, నేనే తీసుకెళ్తాను అనుకుని ఎక్కి కూర్చున్నాను. పక్క తలుపు తెరుచుకుంది. అమ్మాజీ ప్రసాదం సంచి ఒళ్ళో పెట్టుకుని మేనేజరు గారి సీట్లో కూర్చుంది.

"నువ్వు బస్సులో రా."

"నేనెందుకు? పోనివ్వండి."

ఆవిడ ఏ టైరుకీ సంతకం పెట్టలేదు. రూలు కూడా రద్దయింది. మైలు రాయి దాటేలోపు నా చొక్కా తడిసిపోయింది. ఎండీ గారు పక్కన నడుస్తున్నప్పుడు కూడా అంత భయం వేయలేదు. రోడ్డు పక్కన మొదట కనబడిన టైర్ల దుకాణం ముందు కారు ఆపేశాను.

దుకాణాయన బయటికి వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఇంకోసారి కూడా తిరిగాడు. తర్వాత నా మొహం చూశాడు.

"ఏం కావాలండి? గ్రిప్పా, లైఫా?"

"నాలుగూ ఒకేలా ఉండేవి."

"ఒకేలాంటివి బోలెడున్నాయండి. ఏ రకం ఇమ్మంటారు?"

ఆలోచించి, "మీ కారుకి మీరు ఏవి వేసుకున్నారో అవి" అన్నాను.

ఆయన నవ్వాడు. "నాకు కారెక్కడిదండీ. బస్సులో వస్తాను."

కిటికీలోంచి అమ్మాజీ తల బయటికి పెట్టింది. "ఆయన బస్సు ఎన్నింటికో అడగండి."

కారు ఆయన దగ్గర వదిలేసి, మర్నాడు నాలుగూ ఒకేలాంటివి వెయ్యమని చెప్పి, ఆయన దుకాణం మూశాక ముగ్గురం కలిసి బస్సెక్కాం. ఖాళీగా దొరికిన సీటు వెనక చక్రం మీదిది. మోకాళ్ళు ఎత్తి పెట్టుకుని కూర్చోవాలి. కింద టైరు తిరుగుతున్న చప్పుడు కాళ్ళకి తెలుస్తోంది. అది మెత్తనిదో గట్టిదో తెలియదు, దానికి ఎవరు సంతకం పెట్టారో తెలియదు. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా నేను ముందు సీటు కడ్డీ పట్టుకుంటున్నాను. అమ్మాజీ ఏమీ పట్టుకోలేదు. నా భుజం మీద తలవాల్చి నిద్రపోయింది.